నల్లోడు పట్టిన పంచె చెంగు

"ఆ తాడు ఆగదు. వల లాగే తాడు తీసుకురా" అన్నాడు సూర్రావు.

తండ్రి చెప్పిన తాడే తెచ్చాడు ముత్యాలరాజు. నల్లోడి మెడకు రెండు చుట్లు చుట్టి, దోనెలు కట్టే గుంజకు ముడేశాడు. కుక్క ఎదురు తిరగలేదు. గెడకర్ర దెబ్బ తిన్న వెనక కాలు పైకెత్తి పట్టుకుని, తలుపు మూసిన గది వైపే చూస్తూ నిలబడింది. రెండో కుక్క సివంగి దెబ్బ తినకుండానే హడలిపోయి అరుగుమీది మంచం కింద దూరింది.

గదిలో పిల్లవాడు గుక్కపట్టి ఏడుస్తున్నాడు. తాయారమ్మ మనవణ్ణి కిటికీ కింద చాపమీద పడుకోబెట్టి, అరికాలు దగ్గర్నుంచి మాడు దాకా వెతుకుతోంది. ఇది మూడోసారి. మొదటి రెండుసార్లూ గాటు కనబడలేదు. కనబడలేదన్న సంగతి మీద ఆవిడకు నమ్మకం కుదరలేదు.

"పన్ను దిగలేదండి అత్తయ్యా" అంది పైడమ్మ. "గుడ్డే పట్టుకున్నాడు. ఒంటికి తగల్లేదండి."

"నువ్వు చూశావా?"

"చూశానండి."

"నేనూ చూశాను. రేవులో దిగి పదడుగులు వెయ్యలేదు, నీ చేతుల్లోంచి నా బిడ్డను కిందికి లాగింది. మీ మావయ్య గెడకర్ర ఎత్తకపోతే ఈపాటికి ఈ ఇంట్లో ఏం మిగిలేది?"

పైడమ్మ బిడ్డకు చుట్టి తెచ్చిన చిరిగిన పంచెను మడిచి తన మోకాలి కింద పెట్టుకుని, దానిమీద బరువు వేసి కూర్చుంది.

పిల్లవాడు ఇరవై రోజుల గుడ్డు. ఏలూరులో మేనమామ గంగాధరరావు ఇంట పుట్టాడు. రేపు ఇరవై ఒకటో రోజు బారసాల నాన్నగారి ఊళ్ళోనే జరగాలని తాయారమ్మ పట్టుబట్టింది. కోడలికి తల్లి లేదు గనక అడ్డు చెప్పేవాళ్ళూ లేకపోయారు. అలా ఆ ఉదయమే వాడు కొల్లేటికోట రేవులో దిగాడు.

ఎత్తుకుని దింపవలసిన తండ్రి వీరాస్వామి పోయి అయిదు నెలలైంది. కార్తీకంలో ఒక సాయంకాలం గాలి లేచి దోనె తిరగబడింది. మూడో రోజున కిక్కిస గడ్డిలో దొరికాడు. ఆ దోనెలో అతనితోపాటు ఉన్న నల్లోడు మాత్రం ఆ సాయంకాలమే ఈదుకుంటూ ఇల్లు చేరింది.

చేరడమే దాని నేరమైంది. ఆనాటినుంచి తాయారమ్మ దానికి తన చేత్తో ముద్ద వెయ్యలేదు. కొడుకును నీళ్ళలో వదిలేసి తన ప్రాణం తెచ్చుకున్న కుక్క అని ఊరంతా వినేదాకా చెప్పింది. కుక్కకు నోరుంటే ఏమనేదో మనకు తెలియదు. కొడుకు పోయిన తల్లికి ఎవరిమీదో ఒకరిమీద కోపం కావాలి కదా, నీళ్ళమీద ఎంతకాలం కోప్పడుతుంది?

తలుపు తోసుకుని సూర్రావు లోపలికి వచ్చాడు. మనవణ్ణి చూడలేదు, భార్యను చూశాడు.

"ఏమైనా ఉందా?"

"లేదండి. ఇవాళ్టికి లేదు. ఇవాళ గుడ్డ పట్టింది, రేపు పీక పడుతుంది. వీడు పాకే రోజుదాకా నేను కర్ర పట్టుకు కూర్చోవాలా? ఏవండీ, పెద్దాణ్ణి ఎలాగూ తెచ్చివ్వలేకపోయారు. వీడి రూపంలో తిరిగొచ్చిన నా వీరాస్వామినైనా కాచుకోనివ్వండి."

సూర్రావు గుమ్మంలోనే నిలబడి వెనక్కి తిరిగాడు. "రాజూ, భోజనం చేసి దోనె తియ్యి. దాన్ని ఆవలి దిబ్బమీద వదిలేసిరా."

"ఈదుకొచ్చేస్తాడు నాన్నా."

"కాళ్ళు కట్టి వదులు."

"అక్కడ మనిషన్నవాడు లేడండి. తినడానికేం ఉంటుంది?"

"ఏముంటుందో నన్నడక్కు" అన్నాడు సూర్రావు.

ఎవరూ చంపమనలేదు. చంపమని ఎవరి నోటా రాకుండానే పని తెమిలిపోయింది.

పైడమ్మ చెప్పగలిగిన మాట ఒకటుంది. ఆ మాట చెబితే కుక్క బతుకుతుంది. ఆ మాటే చెబితే తనకు, తన బిడ్డకు ఈ ఇంట్లో ఏం మిగులుతుందో ఆమెకు తెలియదు.

బారసాల దాకా పసివాళ్ళకు కొత్తబట్ట కట్టరు. పెద్దవాళ్ళు కట్టి కట్టి మెత్తబడిన పాతబట్టలే చుడతారు. అందుకని రేవులో తాయారమ్మ "ఎవరిదమ్మా ఈ పంచె?" అని అడిగినప్పుడు "మా అన్నయ్యదండి" అంది పైడమ్మ. అత్తగారు సంతోషించింది.

అది అన్నయ్యది కాదు. పోయినవాడి బట్టలు పదో రోజున చాకలికి ఇచ్చేస్తారు. ఇంట్లో ఉంచుకుంటే పోయినవాడు వాటికోసం గుమ్మంలో తచ్చాడుతూ ఉంటాడంటారు. ఆ మూట కట్టమని పైడమ్మకే ఇచ్చారు. అన్నీ మూటలో పెట్టి, ఒక్క పంచె మాత్రం తన ట్రంకుపెట్టె అడుగున పెట్టుకుంది. అది ఏలూరు వెళ్ళింది, పెట్టెలోనే ఉండి తిరిగొచ్చింది. ఆ ఉదయం దోనె ఎక్కేముందు తీసి బిడ్డకు పైన చుట్టింది. తండ్రి ఎత్తుకు తేవలసిన ఇంటికి తండ్రి పంచెలోనైనా వెళ్ళాలని ఆమె కోరిక. అంతకుమించి ఆలోచించలేదు.

నల్లోడికి ముక్కుంటుందని అసలు ఆలోచించలేదు.

* * *

తాయారమ్మ కోడలికి తనే వడ్డించింది. అన్నంలో నెయ్యి వేసి, కొరమీను ముక్క ముల్లు తీసి పెట్టింది.

"తిను అమ్మాయీ. పాలు పడాలి. నువ్వు పస్తుంటే వాడు పస్తుంటాడు."

పైడమ్మ ముద్ద కలిపింది గానీ నోటిదాకా ఎత్తలేకపోయింది. ఈ చెయ్యి తనకు అన్నం పెట్టి ఎన్నాళ్ళయింది? వీరాస్వామి పోయాక, తను పురిటికి ఏలూరు వెళ్ళేదాకా, మూడు నెలలు అత్తగారు తన మొహం చూడలేదు. కడుపుతో ఉన్న మనిషని ఇరుగువాళ్ళు గుర్తుచేస్తే తప్ప అన్నం తిన్నావా అని అడగలేదు. మగపిల్లవాడని కబురు తెలిసి ఏలూరు వచ్చింది. వాణ్ణి ఎత్తుకుని చెవులు చూసింది, వేళ్ళు చూసింది. "వీడు మనవడేవిటర్రా? మా వీరాస్వామే. నన్ను వదిలి ఉండలేక వచ్చేశాడు" అంది. ఆ క్షణంనుంచి కోడలు మళ్ళీ అమ్మాయి అయింది.

అది నిజం కాదని పైడమ్మకు తెలుసు. అయినా ఊఁ కొట్టింది. అందరూ కొట్టారు. రేపు పళ్ళెంలో బియ్యంమీద వీరాస్వామి అని రాసి, వాడి చెవిలో అదే పేరు చెబుతారని పదిళ్ళకు పిలుపు వెళ్ళింది.

ఇప్పుడు పోయినవాడి మైలబట్ట తెచ్చి ఆ బిడ్డకే చుట్టానని ఎలా చెబుతుంది? రేపు వాడికి జలుబు చేసినా, పాలు కక్కినా ఆ పంచె పేరే చెబుతారు. చెప్పకపోయినా తనే అనుకుంటుంది.

తాయారమ్మ పిల్లవాణ్ణి భుజాన వేసుకుని లోపల జో కొడుతుంటే, ముత్యాలరాజు గుమ్మం దగ్గరికి వచ్చాడు. మరిది ఎప్పుడూ ఆమె మొహంలోకి చూసి మాట్లాడడు, ఆ రోజు చూశాడు.

"వదినా, ఒక మాట అడగనాండి? కరవడానికి వచ్చే కుక్క గుర్రుమంటుంది కదా. వాడు గుర్రుమనలేదు. ఏడ్చాడండి. పంచె చెంగు నోట పట్టుకుని ఏడ్చాడు. నేను పక్కనే ఉన్నాను."

"మీ అమ్మగారితో అనకపోయారా?"

"అన్నాను. మీ అన్నయ్యను ముంచేసి వచ్చిన రోజున కూడా ఇలాగే ఏడ్చిందిలే అంది."

"మీ నాన్నగారితో?"

"నాన్నకు తెలియకనా? ఆయనకు అమ్మ ఏడుపు ఆగడం కావాలి, అంతే. మీరేమైనా అంటే వింటారేమోనని. పోనీలెండి. బాలింత మనిషి, మిమ్మల్ని అడగడం నాదే తప్పు."

అతను వెళ్ళిపోయాడు. తప్పు అతనిది కాదని పైడమ్మకు తెలుసు.

కిటికీలోంచి రేవు కనబడుతోంది. ముత్యాలరాజు గుంజ నుంచి తాడు విప్పాడు. దిబ్బ ఎక్కడుందో నల్లోడికి ఏం తెలుసు? దోనె కదులుతోందనగానే తోక ఆడించింది. కుంటుకుంటూ వెళ్ళి తనంతట తనే ఎక్కి, ముందు కొసన కూర్చుంది. వీరాస్వామి గెడ వేస్తుంటే అది ఎప్పుడూ కూర్చునే చోటది. ముత్యాలరాజు తాడుముక్క పట్టుకుని దాని ముందు మోకాళ్ళమీద కూర్చుంటే, ఆటకు పిలిచాడనుకుని కాలు చేతికిచ్చింది.

పైడమ్మ పంచె తీసుకుని బయటికి నడిచింది.

"ఎండలోకి ఎక్కడికే?" అని తాయారమ్మ వెనకే వచ్చింది, భుజాన పిల్లవాడితో.

"మావయ్యా, ఆగమనండి" అంది పైడమ్మ. అరుగు దిగి కొయ్యస్తంభం పట్టుకుంది. "వాడి తప్పు కాదండి. ఈ పంచె మా అన్నయ్యది కాదండి. మీ అబ్బాయిదండి."

రేవులో ముత్యాలరాజు చేతిలో తాడు అలాగే ఉండిపోయింది.

ముందు అడిగింది సూర్రావే. "ఏ అబ్బాయిది?"

"మీ పెద్దబ్బాయిదండి."

"వాడి బట్టలన్నీ చాకలికి వెళ్ళాయి కదా."

"మూట కట్టింది నేనేనండి. ఇదొక్కటి తీసి దాచుకున్నాను."

"పోయినవాడి బట్ట, పేరైనా పెట్టని పసిగుడ్డుకు చుట్టి, ఈ గుమ్మంలోకి తెచ్చావా?" సూర్రావు గట్టిగా అనలేదు. ఆయన గట్టిగా అన్నా బాగుండేది. "ఇంతమంది పెద్దలున్నారు, ఒక్కరినైనా అడగాలనిపించలేదా అమ్మాయీ?"

"అడిగితే వద్దంటారండి" అంది పైడమ్మ.

తాయారమ్మ అరుగుమీద కూలబడింది. పిల్లవాణ్ణి ఒళ్ళో పడుకోబెట్టి, చెయ్యి చాచింది. "ఇలా ఇవ్వు."

పైడమ్మ ఇచ్చింది. తాయారమ్మ పంచె మడత విప్పి, చిరుగు దాటి, లోపలి అంచు వెతుక్కుని మొహానికి ఆనించుకుంది. చాలాసేపు ఆనించుకునే ఉంది.

"ఉతికావా?"

"లేదండి."

"ఒక్కసారీ?"

"ఉతికితే ఏం ఉంటుందండి?"

"చుట్ట వాసన" అంది తాయారమ్మ. "మానరా అంటే మానేవాడు కాదు."

కోప్పడుతుందని పైడమ్మ కాచుకుని ఉంది. తిట్టినా పడదామనుకుంది. తాయారమ్మ తిట్టలేదు. మామూలు గొంతుతో, ఎవరితోనో బజారు సంగతి చెబుతున్నట్టు మొదలుపెట్టింది.

"నేను అన్నీ ఇచ్చేశాను అమ్మాయీ. ఇచ్చెయ్యాలన్నారు, ఇచ్చేశాను. వాడు తల తుడుచుకునే తువ్వాలు కూడా ఇచ్చేశాను. ఆ దూలం పక్క గోడకు వాడు ఆనుకు కూర్చున్నచోట నూనె మరక ఉంది. అయిదు నెలలుగా మీరందరూ పడుకున్నాక అక్కడ మొహం పెట్టుకుంటున్నాను. సున్నం వేయిస్తానంటే ఈయనతో దెబ్బలాడాను. నువ్వు పెట్టెలో ఇది పెట్టుకుని నా ఎదురుగా తిరిగావు."

"భయమేసిందండి అత్తయ్యా."

"దేనికి?"

"పారెయ్యమంటారని."

"అనేదాన్నే" అని ఒప్పుకుంది తాయారమ్మ. "అని, రేవుదాకా వచ్చి నేనే తెచ్చుకునేదాన్ని. చెప్పవలసింది నాకు. ఇంకెవరికీ చెప్పకపోయినా నాకు చెప్పవలసింది."

పైడమ్మ అప్పటిదాకా ఆపుకున్నది ఇక ఆగలేదు. స్తంభాన్ని పట్టుకునే ఏడ్చింది. ఒక ఇంటి ఇద్దరాడవాళ్ళు ఒకే మనిషి కోసం ఏడుస్తూ అయిదు నెలలు ఒకరికొకరు కనబడకుండా దాక్కున్నారు. ఇంతకంటే దండగ పని ఇంకోటి ఉందా?

సూర్రావు కోడలివైపు తిరిగాడు. "అయితే కుక్క పంచె కోసమే వచ్చిందంటావు."

"అవునండి."

"నువ్వంటే సరిపోతుందా? రేపు మళ్ళీ పిల్లాడిమీదికి వస్తే?"

"చూస్తే తెలుస్తుంది" అంది తాయారమ్మ. "రాజూ, దాన్ని తీసుకురా. తాడు వదలకు."

ఆవిడే మనవడి ఒంటిమీద ఉన్న గుడ్డలన్నీ తీసేసింది. తన పాతచీర ముక్క తెప్పించి వాణ్ణి అందులో చుట్టి పైడమ్మ చేతికిచ్చింది. "నువ్వు అక్కడ, ఆ కొసన కూర్చో" అంది. పంచె మాత్రం తన ఒళ్ళోనే ఉంచుకుని అరుగు ఈ కొసన కూర్చుంది. ఇద్దరికీ మధ్య సూర్రావు గెడకర్ర పట్టుకుని నిలబడ్డాడు.

ముందు సివంగి వచ్చింది. మంచం కిందినుంచి పొట్టమీద పాకుతూ వచ్చి, చీరలోంచి బయటికొచ్చిన చిన్న పాదాన్ని వాసన చూసి నాకింది. పిల్లవాడు కాలు ముడుచుకున్నాడు. సివంగి పైడమ్మ తొడను ఆనుకుని, ఇక ఈ చోటు నాదన్నట్టు పడుకుంది.

తరవాత నల్లోడు వచ్చింది. ముత్యాలరాజు తాడు బిగువుగా పట్టుకున్నాడు.

పైడమ్మ బిడ్డను కిందికి వంచింది. ఒప్పుకున్న తప్పు తన మెడ మీద ఉండగానే, ఆమెకు మనసులో ఒక ఆశ లేచింది. "నల్లోడా, వీడు మీ అయ్య కొడుకురా. చూడు. ఆయన కొడుకే" అంది, ఎవరికీ వినబడకుండా.

కుక్క పిల్లవాడి జుట్టు వాసన చూసింది. బుగ్గ చూసింది. మూసి ఉన్న గుప్పిటమీద ముక్కు పెట్టి చాలాసేపు వెతికింది. తలెత్తి పైడమ్మ మొహంలోకి చూసింది. తోక ఆడించలేదు, గుర్రుమనలేదు. పక్కకు తిరిగి వెళ్ళిపోయింది.

కుంటుకుంటూ తాయారమ్మ దగ్గరికి వెళ్ళింది. అయిదు నెలలుగా తనకు ముద్ద వెయ్యని మనిషి అని కూడా చూడలేదు. ఆవిడ ఒళ్ళో ఉన్న పంచెలోకి మూతి దూర్చి, కళ్ళు మూసుకుని, మూలిగింది.

ముత్యాలరాజు తాడు వదిలేశాడు. "చూశారా నాన్నా, పిల్లాడి జోలికే వెళ్ళలేదు" అన్నాడు. ఆ ఇంట్లో ఆ క్షణాన సంతోషించింది అతనొక్కడే. సూర్రావు గెడకర్ర గోడకు ఆనించాడు. దోనె ఇక తియ్యక్కర్లేదని కొడుక్కి చేత్తో సైగ చేశాడు.

నల్లోడు బతికింది. పైడమ్మ కోరింది అదే. అయితే ఆమె కళ్ళు కుక్కమీద లేవు, అత్తగారిమీద ఉన్నాయి.

తాయారమ్మ కుక్క తలవైపు చూస్తోంది. తరవాత అవతల కొసన ఉన్న పిల్లవాడివైపు చూసింది. మళ్ళీ కుక్కవైపు చూసింది.

"దీనికి తెలిసింది" అంది.

"ఏం తెలిసింది?" అన్నాడు సూర్రావు.

"వీడు నా వీరాస్వామి కాడని."

"అది కుక్క తాయారూ. దానికి ముక్కు తప్ప ఏముంది?"

"వాడే అయితే దీనికి తెలియకుండా ఉంటుందా? వాడితో కూడా నీళ్ళలో పడింది. అందరికంటే ఆఖరున వాణ్ణి చూసింది ఇదే." ఆవిడ గొంతులో కోపం లేదు. "మీరంతా ఊఁ కొట్టారు. నేను వెర్రిదాన్నని ఊఁ కొట్టారు."

భార్య పక్కన కూర్చోబోయి, కూర్చోలేక నిలబడ్డాడు సూర్రావు. "రేపు బారసాల. పక్కింటి బుల్లిరాజు దగ్గర్నుంచి మొదలెట్టి అందరికీ చెప్పాం. తాడేపల్లిగూడెంనుంచి ఉయ్యాల కూడా వచ్చింది. పేరు అనుకున్నదే కదా..."

"వేరే పేరు చూడండి. ఆ పేరు వీడిది కాదు."

పైడమ్మ లేచింది. తొడ దగ్గర సివంగి కూడా లేచింది. నాలుగడుగుల అరుగు దాటి అత్తగారి ముందు మోకాళ్ళమీద కూర్చుని, బిడ్డను రెండు చేతులమీదా పెట్టి చాచింది.

"వాడు మీ మనవడండి అత్తయ్యా. మనవడైతే చాలదాండి? పొద్దున్నుంచి మీ భుజాన తప్ప నిద్రపోలేదు. ఒక్కసారి ఎత్తుకోండి."

తాయారమ్మ చేతులు ఖాళీగా లేవు. నల్లోడి మెడకు బిగిసిన వల తాడు ముడి విప్పుతున్నాయి. ముడి రాకపోతే పళ్ళతో లాగింది. తాడు జారిపోయాక, రాపిడికి వెంట్రుక లేచిపోయినచోట అరచెయ్యి పెట్టి నిమిరింది.

"అప్పుడు పొద్దుగూకే వేళ కదరా" అంది కుక్కతో, మెల్లగా. "గాలి ఎటునుంచి వచ్చింది? పిలిచాడా? నన్నేమైనా పిలిచాడా?"

పైడమ్మ చేతులు నొప్పెట్టేదాకా అలాగే చాచి ఉంచింది. పిల్లవాడు నిద్రలో కదిలి, భుజం కోసం మొహం అటూ ఇటూ తిప్పి, ఏడుపు మొదలుపెట్టాడు. తాయారమ్మ తిరిగి చూడలేదు.